రోతకు వంగే ఉక్కు

పద్మనగర్‌లో దేవయ్య దగ్గర డై, అంటే కోత అచ్చు, చేయించుకోవాలంటే కాగితం మీద గీసిన నమూనాతో పాటు ఏదో ఒక రోత వస్తువు కూడా పట్టుకుపోవాలి. చీరల పెట్టె డై అయితే చచ్చిన ఎలుక చాలు. చెప్పుల అట్టకు కుళ్లిన చేప. పని ఏమంటే, గట్టిపరిచిన ఉక్కు పట్టీని నమూనా ప్రకారం వంచి చెక్కలో దిగ్గొట్టాలి. దాని పదునంచు కింద బట్ట పెట్టి సుత్తెతో కొడితే అదే ఆకారంలో తెగుతుంది. కానీ ఆ పట్టీ మొండిది. చిన్న మలుపు తిప్పితే పటుక్కున విరుగుతుంది. దేవయ్యకు కడుపులో తిప్పినప్పుడు మాత్రం అతని చేతిలో మెత్తబడుతుంది.

ఇది మా కాలపు కాలేజీ పుస్తకాల్లో లేదు. పద్మనగర్ మోరీ కూడా వాటిలో లేదు లెండి. ఆ మురుగుకాలువ అద్దకం నీళ్లతో పొద్దున ఆకుపచ్చగా, మధ్యాహ్నం ఎర్రగా పారుతుంది. దాని మీద గంజి మీగడ, మీగడ మీద గుట్కా ఉమ్మి. ఆ వాసనలోనే మనుషులు అన్నం కలుపుకుంటారు. ఏళ్ల తరబడి ఇవన్నీ చూసి చూసి ఈమధ్య దేవయ్య రోత మొద్దుబారింది.

ఒక శనివారం ఓదెమ్మ వచ్చింది. కుడిచేతికి కొంగు చుట్టుకుని ఉంది. మొహం ఎక్కడో చూసినట్టే ఉన్నా దేవయ్య అడగలేదు. నమూనా మామిడి పిందె. దాని తోక అగ్గిపుల్లకు చుట్టినంత చిన్న మలుపు.

"జాకెట్ల మీద కుడుతరు, కాకా. ధామన్కర్ నాకా చౌరస్తల దుకాణపాయన సోమవారం వంద పిందెలు తెమ్మన్నడు. నచ్చితే ఎప్పటికీ పని నాకే. లేకుంటే మళ్ల కర్ఖానల ఊడ్చుడే."

"కత్తెరతోని కోసుకోరాదు?"

"కత్తెరకు వేళ్లు గావాలె. డైకి సుత్తె చాలు."

దేవయ్య భార్య రాజమణి సంచీ కోసం చూసింది. "ఏం తెచ్చినవ్ బిడ్డా?"

"ముందు మీ ఇంట్ల ఉన్నయి కాకకు చూపియ్యి, చిన్నమ్మా."

రాజమణి నిన్నటి ఎలుకను తోక పట్టుకుని తెచ్చింది. దేవయ్య ఆవులించాడు. పట్టీ విరిగింది. పక్కనున్న సాంచాల, అంటే మరమగ్గాల, కర్ఖానాలో పనిచేసే పంకజ్ చెంబుతో మోరీ బురద తెచ్చాడు.

"వాసన జూడు కాకా, తాజా మాల్!"

"పొద్దుగాల చాయ్ గూడ గిట్లనే ఉండె."

"ఏందీ? ఆ చాయ్ పెట్టింది నేను!" అంది రాజమణి.

రెండో పట్టీ విరిగింది. కుళ్లిన చేపకు మూడోది కూడా.

"నాతోని గాదు పో," అని దేవయ్య కాగితం తిరిగిచ్చాడు.

ఓదెమ్మ తీసుకోలేదు. "నేను తెచ్చింది నువ్వింక చూడలే." కొంగు విప్పి చెయ్యి బల్ల మీద పెట్టింది. రెండు వేళ్లు మొదలంటా లేవు.

"దెబ్బలంటే నాకు రోత లేదు బిడ్డా."

"వేళ్లు గాదు కాకా, నీ మాట. పన్నెండేండ్ల కింద గీ కర్ఖానల మేస్త్రీవి నువ్వే. నేను తెగిన పోగు కలుపుతుంటె చూడకుంట సాంచ హ్యాండిల్ నూకినవ్, వేళ్లు పోయినయ్. సేటుకు ఏం జెప్పినవ్?"

గోడ అవతల సాంచాలు కొట్టుకుంటూనే ఉన్నాయి.

"పిల్ల నిద్రపోయింది అని జెప్పిన," అన్నాడు దేవయ్య.

"నిద్రపోయిన్నా?"

"లే. నువ్వు నిద్రపోలే."

పన్నెండేళ్లు నోట్లో నానిన అబద్ధం అప్పుడు నాలుకకు తగిలింది. ఎలుక, చేప, మోరీ ఏవీ దాని ముందు నిలవవు. దేవయ్య బయటికి పోయి కక్కుకున్నాడు. వచ్చి, మూతి తుడుచుకోకుండానే నాలుగో పట్టీ అందుకున్నాడు. అది గంజిలో తడిసిన నూలులా వంగింది. తోక ఒక్క చుట్టుతో తిరిగింది.

ఓదెమ్మ ఎనిమిది మడతల బట్ట పెట్టి ఎడమచేత్తో సుత్తె వేసింది. ఎనిమిది పిందెలు రాలాయి. ఒక్కదానికీ తోక చెదరలేదు. డైని చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఈసారి చేతికి కొంగు చుట్టుకోలేదు.

సోమవారం పని ఆమెకే వచ్చింది. ఆ వారమే పంకజ్ చీరల పెట్టె డై కోసం బలిసిన ఎలుకతో వచ్చాడు.

"పారెయ్యి దాన్ని," అన్నాడు దేవయ్య. పట్టీని రెండు చేతులా పట్టుకుని, సాంచాల చప్పుడును మించి గల్లీ అంతా వినపడేలా అరిచాడు: "ఓదెమ్మ నిద్రపోలే!"

ఆ అబద్ధం మళ్లీ నాలుకకు తగిలింది. ఉక్కు వంగింది.