తప్పిన తన్నుకి ఒక పాయింటు

కత్తి మొన తగిలిందో లేదో, పుచ్చకాయ టప్పుమని చీలింది.

వంటింటి నిండా తీపి వాసన. కిటికీ అవతల గోధుమ దుమ్ము. కోతల కాలం... గాలి ఎప్పటిలాగే పడమటి నుంచి.

ఎల్వా గుజ్జంతా తోడేసింది. ముందుభాగం కోసి, డొప్పను హెల్మెట్‌లా నెత్తిన పెట్టుకుని చూసుకుంది. నుదుటి మీద ఎర్రటి నీళ్ళు కారాయి.

కుదిరింది.

ఈ ప్రావిన్సు ఆకుపచ్చ ఫుట్‌బాల్ జట్టు ఆడే రోజు నెత్తిన పుచ్చకాయ డొప్ప లేనివాడు పొరుగు ప్రావిన్సు వాడైనా అయ్యుండాలి, జ్వరంతో మంచాన పడ్డవాడైనా అయ్యుండాలి.

ఏటా రెండు డొప్పలు చెక్కుతుంది. ఒకటి తనకి. రెండోది ఒకప్పుడు మొగుడు లార్న్‌కి. లార్న్ పోయాక, అతని తమ్ముడు గార్త్‌కి.

ఈ ఏడు రెండో కాయ దగ్గర కత్తి ఆగిపోయింది.

ఎల్వాకి అభిప్రాయాలు ఎక్కువ. ఈ మైదాన ప్రాంతంలో గాలి ఎంత ఉందో, అవీ అంత ఉన్నాయి.

మంచు మీద ఆడే హాకీలో ఆమెది మాంట్రియల్. నాన్న ఒడిలో కూర్చుని రేడియోలో విన్న జట్టు. గార్త్‌ది ఎడ్మంటన్. సొంతానికి పెద్ద హాకీ జట్టు లేని ప్రావిన్సు ఇది — ఇంటికో అరువు జట్టు. మంచు కురిసినన్నాళ్ళూ భోజనాల బల్ల మీద యుద్ధం.

రాజకీయాల్లో ఆమెది నారింజ రంగు పార్టీ. తాత నాటి నుంచి. చేతిలో కాసు లేనివాడికీ డాక్టరు దొరకాలని దేశానికి నేర్పింది ఈ గోధుమ నేలే — ఆ మాట అనేటప్పుడు ఎల్వా నడుము నొప్పి మరిచిపోయి నిటారుగా నిలబడుతుంది. గార్త్‌ది ఇప్పుడు ఏలుతున్న పార్టీ.

ఫుట్‌బాల్‌లో మాత్రం ఇద్దరిదీ ఒకే జట్టు. గుడ్డులాంటి బంతిని చంకన పెట్టుకుని, మనుషుల్ని గుద్దుకుంటూ పరుగెత్తే ఫుట్‌బాల్.

హాకీ విడదీస్తుంది. ఓటు విడదీస్తుంది. ఆకుపచ్చ కలుపుతుంది.

ఈ ఏడు ఆ ఆకుపచ్చే అడ్డం తిరిగింది.

గార్త్ ఎన్నికల్లో నిలబడ్డాడు. వాడి పార్టీ బోర్డూ ఆకుపచ్చే. జట్టు రంగు పూసుకుని ఓట్లు దండుకుంటున్నారని ఎల్వా ఏనాటి నుంచో తిడుతూనే ఉంది.

ఆమె ఇల్లు హైవే మలుపులో ఉంది. ధాన్యం లారీ ప్రతి ఒక్కటీ అక్కడ నెమ్మదించాలి. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆ మూల మీద తాత నారింజ బోర్డు పాతాడు. నాన్న పాతాడు. తను పాతింది. మరో రంగు ఆ మట్టిలో ఎన్నడూ దిగలేదు.

మొన్న రైతుల కో-ఆప్ దుకాణంలో పొద్దుటి కాఫీ బల్ల దగ్గర గార్త్ అడిగాడు.

"వదినా, మూల మీద నా బోర్డొకటి పాతుకోనీవా?"

"పాతుకో. ముందు నన్ను పాతిపెట్టి."

ముసలి నెస్టర్‌కి కాఫీ పొలమారింది.

గార్త్ నవ్వాడు. అచ్చం అన్న నవ్వే. "అయితే పందెం. ఆదివారం మనవాళ్ళు గెలిస్తే నా బోర్డు నీ వాకిట్లో. ఓడితే ఈ జన్మలో అడగను."

బల్ల చుట్టూ కాఫీ కప్పులు దిగాయి. ఉచ్చు అందరికీ కనబడింది.

కాదంటే — జట్టు మీద నమ్మకం లేనట్టు. ఔనంటే — తన వాకిలి దక్కాలంటే జట్టు ఓడాలి.

"ఏం వదినా, ఓడిపోతారనుకుంటున్నావా?"

జట్టు వరసగా చిత్తయిన ఏళ్ళున్నాయి. చలికి కనురెప్పలు గడ్డకట్టిన ఆటలున్నాయి. ఓడిపోతారని ఎల్వా ఎన్నడూ అనలేదు. నలుగురిలో అనలేదు. తలుపులేసుకుని కూడా అనలేదు.

"గెలుస్తారు," అంది. "నీ బోర్డు శుభ్రంగా తుడుచుకుని తెచ్చుకో."

ఆ మాట అన్న నోరే... ఇప్పుడు వంటింట్లో పెదవి కొరుక్కుంటోంది.

కత్తి మళ్ళీ కదిలింది. రెండో డొప్పా చెక్కింది.

కోపం కోపమే. నెత్తి నెత్తే.

ఆదివారం. రెజైనా స్టేడియం. తూర్పు నుంచి నీలం జట్టు వచ్చింది.

పక్కపక్క సీట్లు. పక్కపక్క డొప్పలు. మాటల్లేవు. గాలి మాత్రం ఆగకుండా ఏదో చెబుతోంది.

మనవాళ్ళు ముందుకెళ్ళారు. వాళ్ళు అందుకున్నారు. మళ్ళీ మనవాళ్ళు. మళ్ళీ వాళ్ళు.

ఆఖరి క్షణాలు. సమానం.

మన తన్నేవాడు బంతికి ఎదురుగా నిలబడ్డాడు. బంతి రెండు కర్రల మధ్య నుంచి పోతే గెలుపు. గెలుపంటే — తాత మట్టిలో పచ్చబోర్డు.

తన్నాడు.

గాలి...

బంతి ఎడమకి వంగింది. కర్ర పక్క నుంచి పోయింది.

తప్పింది.

ఎల్వా గుండెల మీద నుంచి ఏదో బరువు దిగింది. హాయిగా. ఒక్క ఊపిరి సేపు.

ఆ హాయి చూసుకుని ఆమె సిగ్గుతో కుంచించుకుపోయింది.

కానీ ఇక్కడి ఆట అక్కడితో అయిపోదు. అమెరికా వాళ్ళకి తప్పిన తన్ను తప్పిందే. ఇక్కడ, కర్రల వెనక తన గడిలో బంతి అందుకున్నవాడు దాన్ని గీత దాటించాలి. దాటించలేక దొరికిపోతే మనకి ఒక పాయింటు. తప్పినదానికీ పాయింటా అని అమెరికా వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. వడగళ్ళు కొట్టిన చేనులోంచి కూడా గింజ ఏరుకునే జనం ఇది. తప్పిందని దేన్నీ వదిలెయ్యరు.

నీలం చొక్కావాడు బంతి అందుకున్నాడు. పరుగెత్తాడు. గీత దగ్గరపడుతోంది.

వాడు దాటితే ఆట ఇంకా ఉంటుంది. ఇంకా ఓడిపోవచ్చు. వాకిలి ఇంకా దక్కవచ్చు.

ఎల్వా లేచి నిలబడింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. అరిచిన గొంతు తాతని అడగలేదు. నాన్నని అడగలేదు. ఆమెనీ అడగలేదు.

"పట్టండ్రా వాణ్ణి. దాటనివ్వకండ్రా. కాళ్ళు పట్టి లాగండ్రా."

పట్టారు. గీతకి జానెడు ఇవతల.

ఒక్క పాయింటు.

స్టేడియం మొత్తం గాలికి లేచిన చేనులా ఊగింది. డొప్ప జారి ఎర్రనీళ్ళు కళ్ళలోకి కారాయి. నీళ్ళు పుచ్చకాయవో, తనవో... తుడుచుకోలేదు. తల ఎత్తుకునే ఉంది.

పక్కకి తిరిగింది.

గార్త్ కూర్చునే ఉన్నాడు. నోరు మూసుకుని. నేల చూస్తూ.

మనవాళ్ళు గెలిచినప్పుడు గార్త్ కూర్చుని ఉండగా ఆమె ఎన్నడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. ఉత్త చేతులతో.

"బోర్డులు అయిపోయాయి వదినా."

"బండి వెనక గుట్ట పోసినవేంటి, బంగాళాదుంపలా?"

"ఏదో ఊరికే అన్నాను పందెం."

"కాఫీ బల్ల దగ్గర ఊరికే అనే మాట ఉండదు. తే."

తెచ్చాడు. సమ్మెట ఎత్తబోయాడు. ఎల్వా లాక్కుంది.

"నా మట్టి. నా చెయ్యి."

ఒక్కో దెబ్బకీ కొయ్య దిగింది. తాత పాతిన చోటే. నాన్న పాతిన చోటే. హైవే మీద నెస్టర్ లారీ నెమ్మదించింది... ఆగింది. నెస్టర్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎవరు చచ్చిపోయారని అడగలేదు.

"వదినా... మరి ఓటో?"

"బోర్డు గెలుచుకున్నావు. ఓటుకి ఇంకో ఆట ఆడాలి."

అన్న నవ్వు నవ్వాడు గార్త్. ఆమె నవ్వలేదు.

"గార్తూ. నిన్న ఆ బంతి వాడి చేతిలో ఉన్నప్పుడు, నువ్వెందుకు అరవలేదు?"

గాలి వచ్చింది. గోధుమ దుమ్ము వచ్చింది.

గార్త్ తాత పాతిన చోటు వంక ఒకసారి చూసి, సమ్మెట తీసుకుని బండెక్కాడు.

బండి వెళ్ళిపోయాక ఎల్వా లోపలికెళ్ళి నిన్నటి డొప్ప తెచ్చింది. బోర్డు నెత్తిన బోర్లించింది. పచ్చ మీద పచ్చ. ఏది జట్టుదో, ఏది పార్టీదో దారిన పోయేవాళ్ళే తేల్చుకుంటారు.

నిటారుగా నిలబడింది. ఎండ ఎక్కుతోంది. లారీలు నెమ్మదిస్తున్నాయి. తీపి వాసనకి కందిరీగలు మూగుతున్నాయి.

ఎండకి డొప్ప టప్పుమని చీలింది.