గోడ దాటిన బల్ల

గోథెన్‌బర్గ్‌లో దహబో ఇంటి భోజనాల బల్ల, మనిషి వస్తే మూరెడు పొడుగయ్యేది. పాత సామాన్ల కొట్లో కొన్న స్వీడన్ బల్లే గానీ, సోమాలీ ఇంట్లో నాలుగేళ్లుండేసరికి ఆ ఇంటి గుణం పట్టుకుంది. చుట్టాలు దిగిన రోజున బాల్కనీ దాకా సాగేది. కింది వాటావాళ్లు చప్పుడు తగ్గించమన్నారే తప్ప ఇదేం విడ్డూరమని ఎవరూ అడగలేదు.

పక్క వాటాలో టోర్‌స్టెన్. రేవులో క్రేను నడిపి రిటైరైనవాడు. భార్య ఇంగెర్ పోయాక పొయ్యి వెలిగించడం మానేసి, రొట్టెముక్కతో సరిపెట్టుకుంటూ సగమైపోయాడు. ముసలివాళ్ల బాగోగులు చూసే మునిసిపాలిటీ అమ్మాయి మాలిన్ వచ్చి, నెలాఖరుకీ ఇలాగే ఉంటే వృద్ధాశ్రమంలో గది చూస్తానంది. ఆయన సరేనని మాటిచ్చేశాడు. ఇచ్చాడే గానీ, ఇంగెర్ పెంచిన పూలకుండీల వంక చూస్తే ఏడుపొచ్చేది.

మర్నాడు మధ్యాహ్నం బల్ల గోడలోంచి ఆయన వంటింట్లోకి వచ్చి ఆగింది. పెచ్చు కూడా రాలలేదు. దానిమీద మేకమాంసం అన్నం, పక్కన అరటిపండు.

టోర్‌స్టెన్ చటుక్కున లేచి పడకగదిలోకెళ్లి తలుపేసుకున్నాడు. ఆయన చిన్నప్పుడు, ఆడుకోవడానికి వెళ్లిన ఇంట్లో వాళ్లు భోంచేస్తుంటే పక్కగదిలో కూర్చోవాలి. స్వీడన్‌లో అదే మర్యాద.

ఇటువైపు దహబో పళ్లెంలో చెయ్యి పెట్టలేదు. అతిథి ముట్టందే ఇంటివాళ్లు ముట్టకూడదని ఆవిడ పెంపకం. అన్నం చల్లారిపోయింది. రెండోనాడూ ఇదే తంతు. మూడోనాటికి కోడలు హీబోకి ఒళ్లు మండింది.

"అత్తయ్యా, మనం తినేస్తేనే ఆయన బయటికొస్తాడు."

"మనం తిన్నాక వచ్చేదాన్ని పిల్లి అంటారే, అతిథి అనరు."

హీబో గోడ దగ్గరికెళ్లి అరిచింది. "టోర్‌స్టెన్ గారూ! అక్కడ మీరు మర్యాద చేస్తుంటే ఇక్కడ మేం ఆకలికి చస్తున్నాం!"

తలుపు తెరుచుకుంది. "మీరింకా తినలేదా? నేను మీరు తినేదాకా ఆగుతున్నాను!"

దహబో నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఆయన సిగ్గుపడుతూ కూర్చుని పళ్లెం వంక అనుమానంగా చూశాడు.

"అన్నంలో అరటిపండా?"

"నోర్మూసుకుని తిను, అన్నయ్యా."

తిన్నాడు. మర్నాడు తన ఫ్రిజ్‌లోంచి ఎర్రపళ్ల జామ్ తెచ్చి మాంసం పక్కన వేసుకున్నాడు.

"మాంసంలో జామా?" అంది దహబో.

"నోర్మూసుకుని తిను, చెల్లెమ్మా."

ఆవిడ రెండోసారి అడిగి మరీ వేయించుకుంది. ఆ వారం ఇంగెర్ మూకుడు మళ్లీ పొయ్యెక్కింది. చేపల వంతు ఆయనది.

నెలాఖరున మాలిన్ వచ్చేసరికి ఆయన చొక్కా గుండీలు పొట్ట దగ్గర బిగుసుకుపోతున్నాయి. ఆమె బల్లనీ, బల్ల చుట్టూ ఉన్నవాళ్లనీ చూసింది.

"ఒంటరిగా ఉంటున్నారనుకున్నానే!"

"ఈ గోల వింటే ఎవరైనా అలా అంటారా?" అన్నాడు ఆయన.

మాలిన్ నవ్వేసింది. ఆశ్రమం ఊసు ఇక అక్కర్లేదంది. అంతలోనే ఆమె పళ్లేలు చూసి కంగారుగా లేచింది.

"భోజనం వేళకి వచ్చాను, ఏమనుకోకండి. మీరు తినేదాకా పక్కగదిలో కూర్చుంటాను."

టోర్‌స్టెన్ ఆమెకు కుర్చీ లాగాడు.

"ఇక్కడే కూర్చోమ్మా. నువ్వు ముట్టందే మేమెవ్వరం తినం."

బల్ల మూరెడు సాగింది.