నా పేరు మీద

"ఆ చీరలు తీసి ఇంకెక్కడన్నా పెట్టు. కింది అర నాక్కావాలి" అన్నాడు మా ఆయన జయదేవ్.

నేను డ్రైయర్‌లోంచి తీసిన దుప్పట్లు మడత పెడుతున్నాను. ఎందుకని అడగలేదు. మా ఇంట్లో ఎందుకని అడిగినవాళ్ళకి జవాబు రాదు, ఉపన్యాసం వస్తుంది. చీరలన్నీ సూట్‌కేసులో సర్ది, మంచం కిందికి తోసేశాను. మర్నాడు ఆ అరలో మైక్రోవేవ్ అంత ఇనప పెట్టె దిగింది. డ్రిల్‌తో దాన్ని నేలకి బిగించాడు. తాళంచెవి లేదు, అంకెలు నొక్కితే తెరుచుకుంటుంది. ఆ అంకెలు నాకు చెప్పలేదు. అప్పటికి దాంట్లో పెట్టడానికి ఏమీ లేదు కూడా. అయినా సాయంత్రం అయ్యేసరికి దాని ముందు కూర్చుని, తెరిచి, లోపలికి కాసేపు చూసి, మూసేవాడు. నేను వంటింట్లో తాలింపు వేస్తూ ఆ బీప్ శబ్దాలు వినేదాన్ని. ఖాళీ పెట్టెకి భయపడటమేమిటని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. కానీ చంటిబిడ్డ రాకముందే ఉయ్యాల కొని పెట్టుకున్నట్టు, ఆ పెట్టె మా పడగ్గదిలో దేనికోసమో ఎదురుచూస్తూ ఉండేది.

అది ఎదురుచూస్తున్నది రివాల్వర్ కోసం.

జయదేవ్ కెనడాలోని ఎడ్మంటన్‌లో ఒక ఆయిల్ కంపెనీ డిజైన్ ఆఫీసులో పనిచేసేవాడు. పని బాగా చేస్తాడని పేరు. తెలుగు సంఘం వనభోజనాల్లో అందరి పిల్లల్నీ భుజానెక్కించుకునేది కూడా అతనే. ఒకరోజు పార్కింగ్‌లో వాళ్ళ సూపర్‌వైజర్‌ని ఆపి, "మీ ఇల్లెక్కడో నాకు తెలుసు" అన్నాడట. అంతే అన్నాడు. గొంతు కూడా పెంచలేదట. పోలీసులు మా ఇంటికొచ్చి, మాట్లాడి, వెళ్ళిపోయారు. కేసు పెట్టలేదు కానీ ఉద్యోగం పోయింది. అతను ఇంట్లో, నేను డెంటల్ క్లినిక్ రిసెప్షన్‌లో. పొద్దున్నే వంట చేసి, మా వర్షిణిని స్కూల్లో దింపి, రోజంతా ఎవరెవరి పంటి నొప్పో నవ్వుతూ విని, ఇంటికొచ్చి అతని ముఖం చూసి ఆ సాయంత్రం ఎలా గడవబోతోందో అంచనా వేసుకోవడం. ఈ ఆఖరి పనికి జీతం లేదు, సెలవూ లేదు. తలుపు తీసే చప్పుడుని బట్టి, చెప్పులు విడిచే తీరుని బట్టి వాతావరణం కనిపెట్టడంలో నేను ఎంత ఆరితేరానో నాకే తెలియదు.

"నేను అప్లై చేస్తే ఆ గొడవంతా తవ్వుతారు. నీ రికార్డు క్లీన్. నీ పేరు మీద తీసుకుందాం" అన్నాడు.

"మనకెందుకండీ అది?"

"వెనక వీధిలో గరాజ్ పగలగొట్టారు. విన్లేదా?"

గరాజ్‌లో పోయింది సైకిలు. ఆ మాట నేను అనలేదు. కారు లోన్ నా పేరు మీదే, ఫోన్ల ప్లాను నా పేరు మీదే. నా పేరు ఎప్పుడూ అతనికి అవసరమే, నాతోనే పని తక్కువ. మా అత్తగారు ఈశ్వరమ్మ గారు వీడియో కాల్‌లో మురిసిపోయారు. "అన్నీ నీ పేరు మీద పెడుతున్నాడంటే నిన్నెంత నమ్ముతున్నాడో చూసుకో సుభాషిణీ. మీ మావగారు రేషన్ కార్డు కూడా నా చేతికివ్వలేదు."

అలా నేను తుపాకుల కోర్సుకి వెళ్ళాను. పరీక్ష పాసయ్యాను. లైసెన్సు అప్లికేషన్ మీద జీవిత భాగస్వామి కూడా సంతకం చెయ్యాలన్నారు. ఇంట్లో ఒకరు తుపాకీ కొంటే రెండోవాళ్ళకి ప్రమాదం ఉందేమో కనుక్కోవడానికి ఆ ఏర్పాటు. జయదేవ్ నవ్వుతూ సంతకం పెట్టాడు. "నీ వల్ల నాకేం ప్రమాదం!" అన్నాడు. తర్వాత లైసెన్సు ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసి, ఇంట్లో ఎవరివల్లనైనా ఇబ్బంది ఉందా అని అడిగింది. అతను సోఫాలో నా మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్నాడు. లేదన్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇది అబద్ధమవుతుంది. రివాల్వర్ కొనాలంటే చేరి తీరాల్సిన షూటింగ్ క్లబ్‌కి వెళ్ళడం నాకు నచ్చింది. చెవులకి మఫ్లు పెట్టుకున్నాక ఎవరి మాటా వినబడదు. ఊపిరి సగం వదిలి ఆపాలి. ఆ ఆపిన క్షణంలో బియ్యం నానబెట్టానా, అతను ఏ మూడ్‌లో ఉన్నాడు, ఏదీ గుర్తొచ్చేది కాదు. నా చెయ్యి వణకదని నాకు అక్కడే తెలిసింది. అదే చెయ్యి ఇంట్లో అతనికి కాఫీ ఇచ్చేటప్పుడు వణికేది.

ఒక శనివారం మా ఇంటికి భోజనానికొచ్చిన వాళ్ళతో జయదేవ్ సరదాగా అన్నాడు. "సామాను ఇంకా రాలేదు. వచ్చాక చూడండి, ఇక ఈ ఇంట్లో నా గొంతు తప్ప ఇంకో గొంతు లేవదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పెరుగు గిన్నె పట్టుకుని. నా స్నేహితురాలు రాధిక మాత్రం నవ్వలేదు, నా వైపు చూసింది. ఆ మర్నాడు వర్షిణి నా పక్కన పడుకుని, "Amma, when it comes, will Nanna be more mad or less mad?" అని అడిగింది. రెండో తరగతి పిల్ల. ఆ ప్రశ్న అది ఎన్నాళ్ళుగా మోస్తోందో. నేను దాని జుట్టు నిమిరి పడుకోమన్నాను. నాకు మాత్రం ఆ తర్వాత నిద్రలో తరచూ ఒకటే కల వచ్చేది. నేను అన్నం వడ్డిస్తుంటాను, అందరూ తింటుంటారు, నన్నెవరూ చూడరు. నా కంచం ఉండదు. నేను లేనని అప్పుడు నాకు అర్థమవుతుంది.

ఆ వేసవిలోనే కొత్త కబురు వచ్చింది. పిస్తోళ్ళు, రివాల్వర్లు ఇకమీదట ఎవరూ కొనకుండా, అమ్మకుండా ప్రభుత్వం ఆపేస్తోందట. ఆలోగా కొనుక్కోవాలని జనం ఎగబడి, షాపుల్లో సరుకు నిండుకుంది. జయదేవ్ తిండి మానేసి ప్రకటనలు వెతికాడు. చివరికి, వాడిన రివాల్వర్ ఒకటి, ఎడ్మంటన్‌కి దక్షిణంగా చిన్న ఊళ్ళో దొరికింది. అమ్మేవాళ్ళ పేరు చూసి ఎగిరి గంతేశాడు. "సరోజ రంగనాథ్! మనవాళ్ళే. డాక్టరు రంగనాథ్ గారు పోయారని విన్నాను, ఆవిడ వదిలించుకుంటోంది. నువ్వేం మాట్లాడకు, నేను చూసుకుంటా."

వర్షిణిని రాధిక ఇంట్లో దింపి బయల్దేరాం. రోడ్డుకి రెండువైపులా కనోలా చేలు ఆవచేలలా పసుపు పచ్చగా పూసి ఉన్నాయి. దారి పొడుగునా నేను చెప్పాల్సిన జవాబులు అతను వల్లె వేయించాడు. "ఎందుకు కొంటున్నారంటే ఏం చెప్తావ్?" "టార్గెట్ షూటింగ్." "గుడ్."

సరోజ ఆంటీకి డెబ్భై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, కాటన్ ప్యాంటు, వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి. కాఫీ ఇచ్చింది. జయదేవ్ మంచి మాటకారి. వాళ్ళ ఊరు, డాక్టరు రంగనాథ్ గారి సేవలు, అన్నీ అడిగాడు.

"అంకుల్‌కి మంచి హాబీ ఉండేదన్నమాట" అన్నాడు.

"ఆయనకి చప్పుడంటే భయం బాబూ. ఇది నాది. ఈ ఊరొచ్చిన కొత్తలో చలికాలం పిచ్చెక్కుతుంటే క్లబ్‌లో చేరాను. ఇప్పుడు వేళ్ళు మాట వినడం లేదు" అందావిడ. జయదేవ్ ముఖంలో నవ్వు ఒక్క క్షణం ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఆగింది.

"పద చూద్దాం" అని అతను లేవబోతే ఆంటీ చెయ్యి అడ్డం పెట్టింది. "లైసెన్సు అమ్మాయిది కదా. కింద గదిలోకి లైసెన్సు ఉన్నవాళ్ళే వస్తారు. నా ఇంటి పద్ధతి. నువ్వు కాఫీ తాగు."

ఆవిడ వెనకాల మెట్లు దిగాను. బేస్‌మెంట్‌లో కుట్టు మిషను, ఊరగాయ జాడీలు, గోడకి ఇనప బీరువా. ఆంటీ రివాల్వర్ తీసి గుడ్డ మీద పెట్టింది. నేను సిలిండర్ పక్కకి తెరిచి, ఖాళీగా ఉందని చూసి, ఆవిడకీ చూపించి, నేలవైపు పట్టుకున్నాను. బరువుగా, చల్లగా ఉంది. పిడి మీద ఆవిడ అరచెయ్యి అరగదీసిన నునుపు.

"చెయ్యి బాగుందే నీది" అంది ఆంటీ. "ఇంట్లో పెట్టె బిగించుకున్నారా? అంకెలు నీకు తప్ప ఇంకెవరికీ తెలియకూడదు, గుర్తుంచుకో."

"నాకు తెలియవు."

ఆ మాట జారిపోయింది.  ఆంటీ నా ముఖంలోకి చూసింది. రివాల్వర్ నా చేతిలోంచి మెల్లిగా తీసుకుంది.

"ఇది ఎవరికమ్మా?"

 పైన కుర్చీ జరిగిన చప్పుడైంది. నా భుజాలు వాటంతటవే పైకి లేచాయి. ఆవిడ అది చూసింది.

"నేను అమ్మనని చెప్పడం నాకు చిటికెలో పని" అంది గొంతు తగ్గించి. "కానీ అతను నిన్ను ఇంకో ఇంటికి తీసుకెళ్తాడు. ఆ లైసెన్సు కార్డు నీ పర్సులో ఉన్నన్నాళ్ళు తిప్పుతూనే ఉంటాడు. ఇప్పుడు నేను తుపాకుల రిజిస్ట్రీ వాళ్ళకి ఫోన్ చెయ్యాలి, అమ్మకం వాళ్ళు ఒప్పుకోవాలి. నిన్ను కూడా అడుగుతారు. ఏం చెప్తావో నీ ఇష్టం. నీ తరఫున నేను మాట్లాడను."

స్పీకర్ నొక్కి ఫోను బల్ల మీద పెట్టింది. చాలాసేపు ఏదో సంగీతం వచ్చింది. నేను ఆ రివాల్వర్‌నే చూస్తూ నిలబడ్డాను. అది మా ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో అన్ని గదుల్లోనూ కనబడింది. భోజనాల బల్ల మీద, అతని ఒళ్ళో, వర్షిణి హోంవర్క్ పక్కన. పేల్చక్కర్లేదు. అది అక్కడుందని నేను ఉప్పు తక్కువైనందుకు క్షమాపణ చెబుతాను. అది అక్కడుందని నవ్వుతాను. ఇంకో ఆలోచన కూడా వచ్చింది, దాచను. నా చెయ్యి వణకదు కదా అనుకున్నాను.  అది మా ఇంటికొస్తే నేను చచ్చిపోవచ్చు, లేదా నేను నేను కాకుండా పోవచ్చు. మూడో దారి నాకు కనబడలేదు.

ఫోన్‌లో ఆఫీసరు వచ్చాడు. ఆంటీ వివరాలు చెప్పింది. తర్వాత అతను నన్ను పేరుపెట్టి పిలిచి, తాపీగా, రోజూ అడిగే ప్రశ్నలాగే అడిగాడు. ఈ రివాల్వర్ ఎందుకు కొంటున్నారు?

"సుభా, అయిందా?" పైనుంచి జయదేవ్.

"ఇది నా కోసం కాదు" అన్నాను ఇంగ్లీషులో. "మా ఆయన కోసం. ఆయనకి లైసెన్సు రాదు కాబట్టి నా పేరు మీద కొనిపిస్తున్నారు. ఇది మా ఇంటికొస్తే నేను బతకనని నాకు భయంగా ఉంది."

ఆ చివరి మాట నేను ముందుగా అనుకున్నది కాదు. నా నోటి నుంచి విన్నాకే అది నిజమని నాకు తెలిసింది.  ఆఫీసరు గొంతు మారింది. మీ ఆయన ఇప్పుడు ఎక్కడున్నారు, మీ ఇద్దరి మధ్య తలుపుందా, అమ్మకం ఇక్కడితో ఆపేస్తున్నాను, లైన్ పెట్టెయ్యకండి, పోలీసుల్ని పంపిస్తున్నాను అన్నాడు. ఆంటీ రివాల్వర్‌ని బీరువాలో పెట్టి తాళం వేసి, మెట్లెక్కి పైతలుపుకి లోపలి గడియ పెట్టింది.

"ఫోన్ లైన్లో ఉన్నాం బాబూ, టైం పడుతుంది" అని కేకేసింది.

కాసేపటికి తలుపు మీద వేళ్ళతో తట్టాడు. "సుభా, తలుపు తియ్యమ్మా." అతని అతి మెత్తని గొంతు అది. ఆ గొంతు విన్న సాయంత్రాలు నాకు బాగా గుర్తు. "లేటవుతోంది. పోనీ నేను వెళ్ళి వర్షిణిని పికప్ చేసుకోనా? నువ్వు తీరిగ్గా రా."

 నా సెల్ తీసి రాధికకి చేశాను.

"వర్షిణిని నాతో తప్ప ఎవరితోనూ పంపకు."

"జయదేవ్ గారితో కూడానా?"

"ఆయనతోనే."

ఎందుకని రాధిక అడగలేదు. ఫోన్లో దాని ఇంటి తలుపు గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది.

అతని కారు బయల్దేరింది. ఊరు దాటకముందే పోలీసులు ఆపారు. వాళ్ళతో ఎంతో మర్యాదగా మాట్లాడాడట. భార్యాభర్తల మధ్య చిన్న అపార్థం అన్నాడట. కోర్టు అతన్ని మా దరిదాపులకి రావద్దంది. నా లైసెన్సు కార్డు నేనే తిరిగిచ్చేశాను. క్లబ్ నాకు గుర్తొస్తుంది, కానీ మళ్ళీ వెళ్ళాలనిపించలేదు. వర్షిణీ నేనూ రెండు గదుల అపార్ట్‌మెంట్‌లోకి మారాం. సరోజ ఆంటీ ఆదివారాలు వస్తుంది. వర్షిణికి కుట్టు నేర్పుతూ, దాని వంకర కుట్లు చూసి నవ్వుతుంది. భయం మాత్రం ఇంకా మాతోనే ఉంది. లిఫ్ట్ తలుపు తెరుచుకున్నప్పుడల్లా వంట చేసే చెయ్యి ఆగుతుంది. ఎవరి అడుగులో తేలేదాకా నేనూ వర్షిణీ మాట్లాడుకోం.

సంఘంలో నా గురించి అనేవాళ్ళు అంటున్నారు. మొన్న అత్తగారు ఫోన్ చేశారు. ఏడ్చారు, తిట్టారు, మళ్ళీ ఏడ్చారు.

"కొట్టాడా? చంపాడా? ఆ తుపాకీ అన్నా కొన్నాడా? అసలు ఏం జరిగిందని మావాణ్ణి రోడ్డు మీద నిలబెట్టావే?"

ఆవిడతో నేను ఎప్పుడూ గొంతెత్తలేదు, ఇప్పుడూ ఎత్తలేదు.

"నేనూ మీ మనవరాలూ బతికున్నాం అత్తయ్యా" అన్నాను. "అదే జరిగింది."