యుద్ధం పెంచిన సునంద

పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసే సునందకు నాటకాలంటే ప్రాణం. ఆదివారాలు సంగారెడ్డిలో ఒక నాటక బృందంతో కలిసి వేషాలు వేస్తుంది. అక్కడ ఆమెను చూసిన ఒక దర్శకుడు తన టీవీ సీరియల్‌లో పెద్ద వేషమే ఇచ్చాడు. కథలో ఎక్కడా లేని ఒక కల్పిత దేశం, దానికో అధ్యక్షుడు, పొరుగు దేశంతో సరిహద్దు తగాదా. ఆ తగాదాను యుద్ధం దాకా, ఆ యుద్ధాన్ని ఇంకా పెద్ద యుద్ధం దాకా నడిపించే రక్షణ సలహాదారు వేషం సునందది.

సంగతి వినగానే తల్లి సోమమ్మ ముఖం మాడ్చుకుంది. కొడుకు నర్సింగ్ ఫౌజులో ఉన్నాడు, సరిహద్దు మీద.

“మీ అన్న ఆడ తుపాకి పట్టుకొని నిలవడితే, నువ్వీడ కూసొని లడాయి పెంచుమంటవా?”

“అది వేషమమ్మా.”

“వేషమైతేంది, నోరు నీదే గద!”

సునందకు ఆ మాట గుచ్చుకుంది. వేషం వద్దనుకునే ముందు అన్నకు ఫోన్ చేసింది. నర్సింగ్ అంతా విన్నాడు.

“చెయ్యి చెల్లె,” అన్నాడు. “గని గొంతు చించుకొని ఒర్రకు. రాక్షసి లెక్క నవ్వకు. లడాయికి పొమ్మనేటోళ్లు మంచిగనే మాట్లాడుతరు కావచ్చు.”

షూటింగులో దర్శకుడు బల్ల గుద్ది అరవమన్నాడు. ఒక్కసారి తన పద్ధతిలో చేస్తానని సునంద బతిమాలింది. అధ్యక్షుడి వేషంలో ఉన్న నటుడు “ఎంతమంది పోతారు?” అని అడిగాడు. ఆమె టీ కప్పు పక్కకు జరిపి, కాగితం ముందుకు తోసింది.

“ఆ బెంగ మాకు వదిలేయండి సార్. మీరు సంతకం పెట్టండి.”

పిల్లవాడికి అన్నం తినమని చెప్పినంత మెత్తగా చెప్పింది. లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా కదల్లేదు. దర్శకుడు మళ్లీ చేయమనలేదు.

ఆ భాగం వచ్చిన సాయంత్రం, పోతిరెడ్డిపల్లిలోని వాళ్లింట్లో ఇరుగుపొరుగు నిండిపోయారు. సోమమ్మ వంటింట్లోంచి రానంది. సునంద గొంతు టీవీలో వినపడగానే మాత్రం గడప దాకా వచ్చి నిలబడింది.

“దీని నోట్ల మన్నువడ! ఎంత సల్లగ జెప్తుందే!” అంది పక్కింటి శివమ్మ, సునంద తన పక్కనే కూర్చున్న సంగతి మరిచిపోయి. అందరూ గొల్లున నవ్వారు. సోమమ్మ నవ్వలేదు.

“తిట్టున్రి. ఇంకా తిట్టున్రి,” అంది. “గసొంటోళ్లను తిట్టబుద్ధయ్యేటట్టు జేసింది నా బిడ్డ.”

సునంద తలెత్తి తల్లిని చూసింది. సోమమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, సిగ్గేమీ పడకుండా అందరి మధ్యకు వచ్చి కూర్చుంది.

ఇంతలో నర్సింగ్ ఫోన్ చేశాడు.

“చెల్లె, ఈడ మన తెలుగోళ్లందరం ఫోన్ల సూసినం. ఒగడు కోపానికొచ్చి ఫోన్ ఇసిరేయబోయిండు. అది మా చెల్లెరా అని లేసి నిలవడి చెప్పిన!”

సోమమ్మ ఫోన్ లాక్కుంది.

“ఇసిరేయబోయినోనిది ఏ ఊరు?”

“జోగిపేటనే అమ్మా.”

“మనోడే! వాన్ని గూడ పైలంగ ఉండుమను బిడ్డా,” అంది సోమమ్మ.