నేను పెట్టని చాయ్

“ల్యాప్‌టాప్ వస్తే ఇగ నీకు దుకాణానికి వచ్చే పరేషానే ఉండదు. ఇంట్లనే, పొయ్యి పక్కన కూసోని ఫోటోలు చేసుకోవచ్చు” అన్నాడు మా ఆయన మొహసిన్, వేడి జొన్నరొట్టె తుంచుకుంటూ. పైగా “ఎండల బుర్ఖా ఏసుకోని గంత దూరం ఎందుకు నడుసుడు?” అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడంటే, నా చేతిలో పిండిముద్ద అట్లాగే ఆగిపోయింది. కసిరి చెప్పిన మాటకైతే నేనూ కసిరి జవాబిస్తాను. ఇట్లాంటి మాటకు ఏమని ఎదురుచెప్పను? రొట్టె మాడుతుంటే తిరగేశాను.

వనపర్తిలో మాది ఫోటో స్టూడియో. బోర్డు మీద ఆయన పేరుంటుంది. ఫోటో తీసేది ఆయన, తీసినదాన్ని చూడబుద్ధయ్యేట్టు చేసేది నేను. మూసుకున్న కళ్ళు తెరిపిస్తాను, పాస్‌పోర్టు ఫోటోల వెనక నీలం రంగు వేస్తాను, పెళ్ళికూతురి చెంప మీద మొటిమ తీసేస్తాను. ఇంత బాగా ఎవరు చేశారని ఎవరైనా అడిగితే “మా ఇంట్లామె జర హెల్ప్ చేస్తది” అంటాడు. నేనేదో కాస్త చెయ్యేసినట్టుండే ఆ ‘జర’ విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. పెళ్ళిళ్ళ సీజన్లో మెడ పట్టేసి, తల తిప్పలేక, అట్లాగే వంట చేసిన రోజులు గుర్తొస్తాయి. కానీ ఆయన మీద కోపం నాకు ఎక్కువసేపు నిలవదు. ఆ మెడకు బామ్ రాసిందీ ఆయనే మరి.

నా దిగులు ఫోటోల గురించి కాదు, కుర్చీ గురించి. మధ్యాహ్నం అమ్మీకి, అంటే మా అత్తగారు అమీనాబీకి, అన్నం పెట్టి, గిన్నెలు తోమి దుకాణానికి వెళతాను. మా అమ్మాయి సుహానా బడి నుంచి వచ్చే వేళదాకా అక్కడే ఉంటాను. ఒక చెయ్యి విరిగిన తిరుగుడు కుర్చీ నాది. అందులో కూర్చుంటే అద్దాల తలుపు లోంచి రోడ్డంతా కనబడుతుంది. గద్వాల బస్సు మలుపు తిరుగుతుంటే వెనకాల పరిగెత్తే జనం కనబడతారు. కాసేపటికి ఎదురు హోటల్ నుంచి చాయ్ వస్తుంది. రోజు మొత్తంలో నేను పెట్టని చాయ్ అదొక్కటే. ఎవరో కాస్తారు, ఎవరో తెస్తారు, గ్లాసు కూడా ఎవరో కడుగుతారు. అందులో చక్కెర ఎక్కువ, పాలు తక్కువ. అయినా అంత రుచైన చాయ్ నా చేతులతో నేనెప్పుడూ పెట్టలేకపోయాను. ఫోటోలకు వచ్చే ఆడవాళ్ళు నన్ను ‘ఫోటో మేడమ్’ అంటారు. ఇంట్లో నేను సుహానా అమ్మీని, అమీనాబీ కోడలిని. ముబషిరా అనే పేరు రేషన్ కార్డులో భద్రంగా ఉంది.

కరెంటు ఎక్కువతక్కువలకు దుకాణంలోని పాత కంప్యూటర్ కాలిపోయింది. కొత్తది మా తాహతుకు మించిన పని. పన్నెండు వేలు దాటకుండా సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ చూద్దామని బండి మీద కొత్తకోట పోయాం. అక్కడ యాసర్ అనే అతను బెంగళూరు కంపెనీలు వాడి వదిలేసినవి తెప్పించి అమ్ముతాడు.

“ర్యామ్ ఎంతుంది?” అని నేనడిగితే, “ఒక జీబీ ఉంది భాయ్” అని అతను మా ఆయనకు జవాబు చెప్పాడు.

“అడిగింది ఆమె. ఆమెకే చెప్పు. నాకేం తెల్వదు” అన్నాడు మొహసిన్. ఇట్లాంటి మాట ఒకటి అప్పుడప్పుడు అనబట్టే నేను ఈ మనిషితో గట్టిగా పోట్లాడలేకపోతున్నాను.

ఇద్దరం కలిసి రెండింటిని పక్కన పెట్టుకున్నాం. ఒకటి సన్నగా, తేలికగా ఉంది. బ్యాటరీ మూడు గంటలు ఆగుతుందట. నేను వెంట తెచ్చుకున్న సీడీ పెట్టి అమ్మీ ఫోటో తెరిచాను. మొహం సుద్ద పూసినట్టు తెల్లగా పాలిపోయింది. కొంచెం పక్కకు జరిగి చూస్తే ముక్కుపుడకే మాయమైంది.

“అమ్మీ తెల్లగైంది, మంచిగనే ఉంది గద” అని నవ్వాడు మా ఆయన.

“దీంట్ల చూసి రంగు దిద్దితే ప్రింటుల పెండ్లిపిల్లలంత నల్లగైతరు. తిట్లు మీకే పడ్తయి” అన్నాను.

రెండోది బరువు. మూల పగిలింది, కీబోర్డు మీద అక్షరాలు అరిగాయి. కానీ అందులో అమ్మీ అమ్మీలాగే ఉంది. అదే చామనఛాయ, కళ్ళ పక్కన అవే ముడతలు, తమలపాకుతో పండిన అవే పెదవులు. ఎటు జరిగి చూసినా రంగు మారలేదు.

“దీనికి ఒకటే తక్లీఫ్ భాభీ. బ్యాటరీ పోయింది. వైరు తీస్తే బందైతది” అన్నాడు యాసర్, ఈసారి నాతోనే.

నేను ఆ వైరు చేతిలోకి తీసుకున్నాను. మధ్యాహ్నాలు మా ఇంట్లో కరెంటు ఉండదు. దుకాణంలో ఇన్వర్టర్ ఉంది.

“ఇదే కావాలె” అన్నాను. “నీ కండ్లకే తెలుసు” అని ఆయన పైసలు తీశాడు. స్క్రీన్ గురించి నేను చెప్పింది నిజమే, కానీ సగమే. మిగతా సగం నోట్లోనే పెట్టుకుని బండెక్కాను.

సాయంత్రం ఆయన దాన్ని ఇంట్లో మూలనున్న కుట్టుమిషన్ చెక్క మీద పెట్టి, వైరు గుచ్చి, అమ్మీకి ఆమె ఫోటో చూపించాడు. ఆమె చూసి మురుస్తుండగానే కరెంటు పోయింది. స్క్రీన్ నల్లబడింది. సుహానా కిసుక్కుమంది. ఆయనా నవ్వాడు.

“ఏం ఫికర్ లేదు. యాసర్‌కు చెప్పొచ్చిన. పండుగకు నీకు కొత్త బ్యాటరీ తెప్పిస్త. ఇగ కరెంటున్నా లేకున్నా నువ్వు ఇల్లు కదిలే పనే లేదు.”

నాకు తెలియకుండా దాచిపెట్టిన కానుక అది. ఆ గొంతులో సంబరం వింటుంటే నాకు ఏడుపొచ్చింది.

అమ్మీ దీపం వెలిగించి తెచ్చి మిషన్ మీద చెయ్యేసింది. “మీ అబ్బా గూడ గిట్లనే తెచ్చిండు దీన్ని” అంది కొడుకుతో. “పెండ్లైన కొత్తల నేను బజారుల కుట్టు దుకాణానికి పోతుంటి. నలుగురం ఆడోళ్ళం, నవ్వుకుంట కుట్టేటోళ్ళం. నేను ఎండల నడుస్తుంటే ఆయన పానం ఒప్పలే. మిషన్ కొనుక్కొచ్చి ఇంట్ల పెట్టిండు. మొగడంటే గట్లుండాలె అన్నరు గల్లీలంత. నేను గూడ అన్న.” మిషన్ చక్రాన్ని వేలితో తిప్పింది. “గా దినం నుంచి దవాఖానకు తప్ప గడప దాటలే.”

ఆ మిషన్ మీద ఇన్నేళ్ళు బొంతలు మడిచి పెట్టాను. దాని గురించి ఆమెనొక్క మాట అడగలేదు.

“బ్యాటరీ వద్దు సుహానా అబ్బా” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “నేను దుకాణానికే వస్త. గా పైసలతోని నా కుర్చీకి చెయ్యి పెట్టియ్యుండ్రి.”

దీపం వెలుగులో ఆయన మొహం చిన్నబోయింది. “నీ సుఖం కోసమే గద నేనన్నది.”

“తెలుసు. అందుకే ఇన్ని దినాలు చెప్పలే.”

ఆయన తల్లి వైపు చూశాడు, మిషన్ వైపు చూశాడు. అమ్మీయే కొంగు సర్దుకుంటూ నన్నడిగింది, “ఆడ కుర్చీ ఒకటేనా ఉండేది?”

మర్నాడు మధ్యాహ్నం మొహసిన్ ఎదురు హోటల్‌కు మూడు చాయ్‌లు చెప్పాడు.