కుడివైపు ముక్కలు

నా నోటికి తాళం ఉండదని మా ఇంటికి ఒక్కసారి వచ్చినవాళ్ళు కూడా చెబుతారు. అలాంటి నేను, అదీ కట్టుకున్న మనిషి దగ్గర, ఐదు వారాలపాటు ఒక్క మాట కడుపులో దాచుకున్నాను. దాచి ఏం బాగుపడ్డానో చెబుతాను, వినండి.

మా ఆయన దర్జీ షాపులో కటింగ్ మాస్టరు. కుట్టేవాళ్ళు వేరే ఉన్నారు, ఈయన పని కోయడమే. బల్ల మీద బట్ట పరిచి, సుద్దతో గీత గీసి, పెద్ద కత్తెర పట్టారంటే ఆ చివరిదాకా ఆగేది లేదు. ఇరవై రెండేళ్ళు అలా కోసిన కుడిచెయ్యి ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ ఉండగా పడిపోయింది. బ్రష్షు సింకులో పడితే దాన్నే చూస్తూ నిలబడ్డారు తప్ప నన్ను పిలవడానికి నోరు రాలేదు.

పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. మాట తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది. చెయ్యి మాత్రం సగంలో ఆగిపోయింది. వ్యాయామం నేర్పే అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజుకి వందసార్లు పిసకమంది. ఐదోరోజున ఆ బంతి అలమర మీదికి ఎక్కింది.

"నేనేమన్నా పసిపిల్లాడినా, బంతితో ఆడుకోడానికి?" అన్నారు.

"పసిపిల్లలైతే చెప్పిన మాట వింటారు" అన్నాను.

షాపు ఓనరుగారు చూడటానికి వచ్చి, "మీ బల్ల దగ్గర ఇంకొకర్ని నిలబెట్టను మాస్టారూ. మీరొచ్చేదాకా నేనే ఏదో తంటాలు పడతాను" అన్నారు. ఆయన అటు వెళ్ళగానే మా ఆయన ఆ చేతిని తువ్వాలు కింద దాచుకున్నారు. ఆ చెయ్యి మళ్ళీ కత్తెర పడుతుందా, పట్టదా? ఆయనకీ, నాకూ, మా అమ్మాయికీ మనసులో ఉన్నది అదొక్కటే. ముగ్గురం దాని ఊసెత్తకుండా మిగతా లోకం సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్ళం.

ఇంతలో మా వదిన వచ్చింది. ఈయనకి సొంత అక్క, బేకరీలో పనిచేస్తుంది. రాగానే అలమర మీద బంతినీ, నేను పాత డబ్బాలు దాచుకునే ఓవెన్‌నీ చూసింది.

"ఒరే తమ్ముడూ, బంతి నీకు నామోషీ అయితే పిండి నొక్కు. మూడు పొరల బిస్కెట్ నేర్పిస్తా. నీ కూతురైనా తింటుంది" అంది.

కూతురంటే మా బుజ్జమ్మ, పదకొండేళ్ళది. తినే మాట వినబడగానే పుస్తకం మూసేసి వచ్చి కూర్చుంది.

పని పెద్ద కష్టమేమీ కాదు. ఓట్సు, మైదా, గోధుమరంగు పంచదార, కరిగించిన వెన్న కలిపితే తడి ఇసుకలా వస్తుంది. అందులో ముప్పాతిక వంతు ట్రేలో పరిచి, బాగా అదిమి, అంచులు ఎర్రబడేదాకా ఓవెన్‌లో పెట్టాలి. దాని మీద పీనట్ బటర్. వేరుశెనగ గుళ్ళు వేయించి, పొట్టు ఊది, నూనె తేలేదాకా నేనే మిక్సీలో తిప్పి కొంచెం తేనె కలిపాను. ఆ పైన మిగిలిన ఓట్సు మిశ్రమం, చాక్లెట్ ముక్కలు చల్లి మళ్ళీ ఓవెన్‌లోకి. పూర్తిగా చల్లారాకే కోయాలి. ఆగలేక వేడిమీద కోస్తే అంతా ముద్దయిపోతుంది.

"అన్నిటికన్నా అడుగు పొర ముఖ్యం. అదిమిన చోట ముక్క నిలబడుతుంది, అదమని చోట రాలిపోతుంది" అంది వదిన. "ఇదిగో తమ్ముడూ, ఎడమవైపు సగం ఎడమ చేత్తో, కుడివైపు సగం కుడి చేత్తో. ఒకదాని పని ఇంకోదానితో చేయించావంటే ఊరుకోను."

పిండి అంటుకోకుండా ట్రే అడుగున వేసే కాగితం కోసే పని నాది. నేను కోసింది చూసి ఆయన మొహం చిట్లించారు.

"ఏమిటే ఇది, ఎలకలు కొరికినట్టు?"

"తినేది కాగితం కాదులెండి" అన్నాను. ఆ తరవాత ప్రతి ఆదివారం ఇదే గొడవ.

మొదటి ఆదివారం పదహారు ముక్కలు కోశాం. ఎడమవైపు ఎనిమిదీ రాళ్ళలా నిలబడ్డాయి. కుడివైపు ఒక్కటీ నిలబడలేదు, కత్తి తగలగానే పొడిపొడి అయిపోయాయి. బుజ్జమ్మ ఆ పొడిని పాలల్లో వేసుకుని తిని, ఇదే బాగుందంది. ఆయన కూడా నవ్వారు. రెండోవారం అంతే. మూడోవారం కూడా అంతే అయ్యేసరికి నవ్వలేదు. కుడివైపు పొడిని చాలాసేపు చూసి ట్రే అవతలికి నెట్టేశారు.

"ఇది రాదే. వదిలెయ్" అన్నారు.

వారమంతా వంటగది గుమ్మం తొక్కలేదు. రెండడుగుల అవతల కుర్చీలో కూర్చుని కిటికీలోంచి ఎదురింటి గోడ చూసేవారు. నాలుగో ఆదివారం బుజ్జమ్మ చెయ్యి పట్టి లాక్కొస్తే మాత్రం వచ్చారు, ఏదో మొక్కుబడిగా నొక్కారు, చేతులు కడుక్కోడానికి వెళ్ళారు. కడుక్కోడం ఆయనకి పెద్ద పని. కుడిచేతి వేళ్ళ మధ్య అంటుకున్న పిండిని ఎడమచేత్తో ఒక్కో వేలూ విడదీసి తోముకోవాలి.

ఆ కాస్త సమయంలో నేను స్టీలు గ్లాసు బోర్లించి, దాని అడుగుతో కుడివైపు సగాన్ని గట్టిగా అదిమేశాను. తల తిప్పితే బుజ్జమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. నేను ఒక చూపు చూశాను, నోరు మూసుకుంది.

ఆరోజు పదహారుకి పదహారూ నిలబడ్డాయి. ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూశావా?" అన్నారు.

"చూశాను" అన్నాను. ఆ రోజంతటికీ నేను ఆడిన నిజం అదొక్కటే.

ఐదు ఆదివారాలు అలా గడిచాయి. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషంగానే ఉండేది. ఆయన మళ్ళీ ఈల వేయడం మొదలెట్టారు. పక్కింటివాళ్ళకి పంచేటప్పుడు ఏరి ఏరి కుడివైపు ముక్కలే ఇచ్చేవారు, నా చెయ్యి చూడండి అన్నట్టు. ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ ధైర్యం ఆయన్ని ఎక్కడికి తీసుకెళ్తుందో ఆలోచించలేదు. అంత బుద్ధే ఉంటే ఈ కథ ఎందుకు?

ఒక మంగళవారం నాతో చెప్పకుండా షాపుకి వెళ్ళారు. పదకొండున్నరకి తిరిగొచ్చారు, చంకలో ముదురు నీలంరంగు బట్ట. ఎవరిదో కోటు బట్ట. నాతో మాట్లాడకుండా లోపలికి వెళ్ళి కూర్చున్నారు. వెనకాలే ఓనరుగారి ఫోను.

"వద్దనలేకపోయానమ్మా, ఆ ముఖం చూశాక" అన్నారాయన. "ఒక జానెడు బ్రహ్మాండంగా కోశారు. తరవాత బొటనవేలు పట్టు తప్పింది. కత్తెర ఛాతీ ముక్కకి అడ్డంగా పోయింది. బట్టదేముంది, అదే రకం తెప్పించి కుట్టిస్తాను. ఆయన్నే జాగ్రత్తగా చూసుకోండి."

లోపలికి వెళ్ళాను. ఆయన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, అది తనది కానట్టు చూస్తున్నారు.

"ట్రేలో అంత గట్టిగా నొక్కిన చెయ్యి, కత్తెర దగ్గర ఎందుకు మోసం చేసిందే?" అని నన్నే అడిగారు.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అలసటనో, నిద్ర చాలలేదనో. నా నోటికి అబద్ధాలకేం కొదవ?

"చెయ్యి మోసం చెయ్యలేదండీ. నేను చేశాను" అన్నాను. గ్లాసు సంగతి మొత్తం చెప్పేశాను.

"కొంప ముంచావు కదే!" అంటూ లేచారు. "నువ్వు నొక్కింది నేను నొక్కాననుకుని నలుగురి ముందూ కత్తెర పట్టానా? నా చెయ్యి ఎంతవరకు వచ్చిందో నాకే తెలియకుండా చేశావే! రాలిపోతే రాలిపోయిందని తెలిసేది. ఇప్పుడు నాకేం తెలుసు?"

వంటగదిలోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆయన బాధపడకూడదని చేశాననే అనుకున్నాను ఇన్నాళ్ళూ. అసలు సంగతి, ఆ పొడి చూడలేకపోయింది నేను.

తరవాత నాలుగు రోజులూ నాతో నేరుగా మాట్లాడలేదు. "బుజ్జమ్మా, కాఫీ చల్లారిపోయిందని మీ అమ్మతో చెప్పు" అనేవారు, నేను ఎదురుగా నిలబడి ఉండగానే. "బుజ్జమ్మా, చల్లారేదాకా చూస్తూ కూర్చుంది ఎవరో అడుగు" అనేదాన్ని నేను. ఇద్దరి మధ్యా తిరగలేక అది పుస్తకం పట్టుకుని మేడ మీదికి పోయింది.

ఆదివారం ఉదయం వంటగదిలో ట్రే చప్పుడైంది. వెళ్ళి చూస్తే ఆయనే కిందకి దించుతున్నారు.

"బుజ్జమ్మా, మీ అమ్మని గుమ్మం బయట కూర్చోమను. చేతులు ఒళ్ళో పెట్టుకుని."

కూర్చున్నాను. ఎందుకైనా మంచిదని బుజ్జమ్మ స్టీలు గ్లాసులన్నీ ఎత్తుకెళ్ళి తన మంచం కింద పెట్టింది. ఆయన కుడివైపు సగాన్నే అరగంట నొక్కారు. అరచెయ్యి ఆనించి, మీద ఒళ్ళంతా మోపి, వేళ్ళు జారిపోతే మళ్ళీ మొదలుపెట్టి. నుదుట చెమటలు. లేచి వెళ్ళి సాయం పట్టకుండా ఉండటానికి నేను పడ్డ పాట్లు ఆ గడపకే తెలియాలి.

చల్లారాక కోశారు. కుడివైపు అంచున ఉన్నవి నాలుగూ ఎప్పట్లాగే రాలిపోయాయి. మధ్యలో ఉన్న నాలుగింట్లో ఒకటి రాలింది. మూడు అలాగే నిలబడి ఉన్నాయి.

బుజ్జమ్మే ముందు తేరుకుంది.

"నాన్నా, మొదటివారం ఒక్కటీ నిలబడలేదు. ఇప్పుడు మూడు!"

ఆయన ఐదు రోజుల తరవాత మొదటిసారి నా వైపు చూశారు.

"నిజమేనా?"

"నాకేం తెలుసు? నేను గుమ్మం దగ్గరున్నాను" అన్నాను. ఫక్కున నవ్వారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

జేబులోంచి సుద్దముక్క తీసి అలమర తలుపు లోపలివైపు తేదీ వేసి, పక్కన మూడు అని రాశారు. తరవాతివారం మూడు. ఆ పైవారం నాలుగు. ఆ పైన మళ్ళీ మూడు. ఆరోజు నాలుగని రాసుకోండి అనబోయి ఊరుకున్నాను, ఆయన కూడా మూడే అని రాసి ఊరుకున్నారు. ఆ తరవాత ఐదు. రబ్బరు బంతి అలమర మీంచి ఎప్పుడు దిగిందో నేను గమనించలేదు. ఒకరోజు చూస్తే ఆయన దిండు పక్కన ఉంది.

కిందటి ఆదివారం నేను ఎప్పటిలాగే కాగితం కోస్తున్నాను. ఎప్పటిలాగే వంకర పోయింది.

"అబ్బబ్బ! ఎన్నాళ్ళు చూడనే ఈ ఘోరం? ఇటివ్వు!" అని కత్తెర లాక్కున్నారు. కొత్త కాగితం పరిచి కోయడం మొదలెట్టారు. సగం దూరం వెళ్ళాక గానీ ఏ చేత్తో పట్టుకున్నారో ముగ్గురికీ తట్టలేదు. ఆయన ఆగారు. బొటనవేలు సర్దుకుని, మెల్లగా, చివరిదాకా కోశారు.

కాగితం వెలుతురుకి ఎత్తి పట్టుకుని నన్ను చూశారు.

"వంకరపోయింది కదూ?"

లేదండీ, బాగానే ఉంది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"పోయింది. చివర్లో రెండు వేళ్ళంత. అయినా నాదానికన్నా నయం."

"నీదానికన్నా బాగా కోయడానికి కత్తెరెందుకే, చేత్తో చింపినా చాలు" అన్నారు. అని, ఆ కాగితాన్నే ట్రేలో పరిచి, వంకర అంచుని వేలితో తడుముతూ, "పనిలో చేరిన కొత్తలో ఆరు నెలలు నన్ను బట్ట ముట్టుకోనివ్వలేదు. కాగితాలే కోయించారు. రేపు వెళ్ళి ఓనరుగార్ని అడుగుతాను, కాగితం మీద నమూనాలు కోస్తానని. అవి కుదిరాకే బట్ట" అన్నారు.

ఆరోజు కుడివైపు ఆరు నిలబడ్డాయి. తెల్లారి షాపుకి బయల్దేరుతుంటే ఓనరుగారి కోసం డబ్బా సర్దాను. మంచివి పెడదామని ఎడమవైపువి ఏరి పెట్టాను. ఆయన మూత తీసి చూశారు.

"ఇవి కాదు. కుడివైపువి పెట్టు."

"దార్లో రాలిపోతాయండీ."

"రాలనీ. చెయ్యి ఎంతవరకు వచ్చిందో ఆయనకీ తెలియాలి కదా."

నిలబడిన ఆరింటినీ డబ్బాలో పేర్చాను. రాలిపోయిన రెండింటి పొడినీ పొట్లం కట్టి వాటి మీద పెట్టాను. మూత బిగించి, డబ్బా ఆయన కుడిచేతికే ఇచ్చాను.