ముకర్రం తుడిచేసిన రెండు వారాలు

ముకర్రంకు కరీంనగర్ బస్టాండు వెనక చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. స్కూలు ఆఫీసులో క్లర్కుగా పనిచేసే స్టీఫెన్ అతనికి పదేళ్లుగా స్నేహితుడు. స్టీఫెన్ ఇంటి లాప్‌టాప్‌లో లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టం వేసిందీ, తెలుగు టైపింగ్ పెట్టిందీ, స్టీఫెన్ తల్లి ఎలీసబెతుకు మౌసు పట్టడం నేర్పిందీ అతనే. ఆమె రిటైరైన నర్సు. హుస్నాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో తాను చేసిన కాన్పుల సంగతులు ఒక్కొక్కటే టైపు చేసుకుంటోంది.

ఒక మధ్యాహ్నం స్టీఫెన్ ఆ లాప్‌టాప్ తెచ్చాడు. తెరిస్తే మింట్ లేదు.

"ఇదేంది?"

"ఫ్రీబీఎస్‌డీ అని ఇంకో సిస్టం. మా స్కూలుకు కొత్తగ వచ్చిన ప్రవళిక మేడం ఏసిచ్చింది. ఇది గూడ ఫ్రీనే. మొత్తం ఒక్క మేస్త్రి కట్టిన ఇల్లు లెక్కుంటదట. ఎంత నిమ్మలంగ నడుస్తుందో చూడు."

"ఎన్నొద్దులైంది?"

"రెండు వారాలు."

ఈ రెండు వారాల్లో ఇద్దరూ కలిసి నాలుగుసార్లు చాయ్ తాగారు. స్టీఫెన్ ఒక్క మాట చెప్పలేదు. ముకర్రం లాప్‌టాప్‌ను అతని వైపు నెట్టాడు.

"మంచిగుంటె నా దగ్గరికెందుకు తెచ్చినవ్?"

"వైఫై వస్తలేదు. ఫోన్‌కు వైరు పెట్టి నడిపిస్తున్నం. మేడం గూడ పరేషాన్ అయితుంది. జర చూడు."

ముకర్రం చూశాడు. లోపలున్న వైఫై చిప్పును ఆ సిస్టం గుర్తుపట్టడం లేదు. బయట యూఎస్‌బీకి గుచ్చే వేలెడంత వైఫై ముక్క ఒకటి ఉంటే సరిపోతుంది. అది అతని సొరుగులోనే ఉంది. సొరుగు తెరవలేదు.

"గిండ్ల వైఫై రాదు. రోజు పనికి ఇది కుదరదు. తీసి మింట్ ఏస్త."

"మేడంను ఒక్కమాట అడుగుదునా?"

"పదేండ్ల సంది ఎవర్ని అడిగినవ్?"

స్టీఫెన్ అతని ముఖం వైపు చూసి, "సరే, నీ ఇష్టం" అని స్కూలుకు వెళ్లిపోయాడు. అరగంటలో ముకర్రం డిస్కంతా తుడిచి మింట్ వేశాడు. ఎవరి మిషనైనా ముట్టుకునే ముందు ఫైళ్లు కాపీ తీసుకోవడం అతని అలవాటు. ఆ రోజు తీయలేదు.

సాయంత్రం స్టీఫెన్ వచ్చి లాప్‌టాప్ తీసుకెళ్లాడు. కాసేపటికే ఫోన్ చేశాడు. "అమ్మ రాసినయి ఏవి?"

మరునాడు పొద్దున ముకర్రం స్కూలుకు వెళ్లాడు. ప్రవళిక విషయమంతా విని, బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసింది.

"నేను సిస్టం మార్చే ముందు కాపీ పెట్టిన. ఆ తర్వాత రాసినయి మాత్రం లేవు. వైఫై నాతోటి కాలే. మీరైతె ఏం చేసేటోళ్లు?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

"యూఎస్‌బీ ముక్క పెడితె వస్తుండె. నా దగ్గర ఉండె గూడ. కావాలనే ఇయ్యలే."

ప్రవళిక పెన్‌డ్రైవ్ అతని చేతిలో పెట్టింది. "నాది గూడ తప్పే," అంది. "నాకు నచ్చిందని ఏసిన. అమ్మకు ఏది అలవాటో అడుగలే. ఆమెకు మింటే ఉండనీయండి."

ఆ సాయంత్రమే అతను స్టీఫెన్ ఇంటికి వెళ్లి పాత ఫైళ్లు ఎక్కించాడు. "రెండు కాన్పుల సంగతులు పోయినయమ్మా. నేనే తుడిచేసిన," అన్నాడు.

ఎలీసబెతు కళ్లద్దాలు సర్దుకుంది. "నాకు యాదికున్నయ్ బిడ్డా. మళ్ల కొట్టాలంటె వేళ్లు నొస్తయ్. నేను చెప్త, నువ్వు కొట్టు."

మూడు సాయంత్రాలు పట్టింది. మొదటి రోజు స్టీఫెన్ అతనితో మాట్లాడలేదు. రెండో రోజు చాయ్ తెచ్చి పక్కన పెట్టి, "నీకు చెప్పకపోవుడు నా తప్పే," అన్నాడు.

మూడో రోజు ప్రవళిక కూడా వచ్చింది. స్టీఫెన్ గబగబా లేచి ఆమెకు కుర్చీ వేశాడు. కీబోర్డు మీద ముకర్రం వేళ్లు ఆగిపోయాయి.

ఎలీసబెతు ఇవేవీ గమనించలేదు. పుట్టిన బిడ్డ ఏడవడం లేదనీ, బయట వాన పడుతోందనీ చెప్పి, నీళ్లు తాగడానికి ఆగింది.

"తర్వాతేమైందమ్మా?" అని అడిగాడు ముకర్రం.